గుటక వేస్తే పోటు

గొంతు నొప్పి అనగానే మన ఇళ్ళల్లో ఉప్పునీళ్ళు పుక్కిలించమంటారు, మిరియాల పాలు కాచిస్తారు, కొండనాలుక జారిందేమో చూడమంటారు. చాలాసార్లు దాంతోనే సరిపోతుంది. సరిపోని నొప్పి ఒకటుంది. నోరు తెరిపించి చూస్తే ఎరుపు ఉండదు, వాపు ఉండదు, జ్వరమూ ఉండదు. మనిషి మాత్రం గుక్కెడు నీళ్ళు తాగడానికి వణికిపోతుంటాడు. దాని పేరు గ్లాసోఫారింజియల్ న్యూరాల్జియా. మెదడు నుంచి నేరుగా బయల్దేరే పన్నెండు జతల నరాల్లో తొమ్మిదోది నాలుక వెనక భాగానికి, టాన్సిళ్ళకు, గొంతు పైభాగానికి, చెవి లోపలికి స్పర్శ అందిస్తుంది. ఆ నరం రేగితే వచ్చే నొప్పి ఇది. ఏటా లక్షమందిలో ఒక్కరికి కూడా కొత్తగా రాదు. ఇంత అరుదైనది కాబట్టే రోగి చెప్పేది ఎవరికీ నమ్మబుద్ధి కాదు, సరైన వైద్యం అందేలోపు నెలలూ ఏళ్ళూ గడిచిపోతాయి.

ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు. ఒకాయన నరసరావుపేటలో చాలాకాలంగా చెవి, ముక్కు, గొంతు వైద్యం చేస్తున్న మేనమామ. ఇంకొకరు హైదరాబాదులో నరాల వైద్యురాలైన ఆయన మేనకోడలు. వాదన సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన అరవై రెండేళ్ళ రైతు గురించి మొదలైంది. అది ఆ ఒక్క రోగితో ఆగలేదు.

మామయ్య: చూడమ్మాయ్, అరవై దాటినవాడు ఒకపక్క గొంతు నొప్పి, అదే పక్క చెవిపోటు అంటూ వస్తే నా బుర్రలో మొదట మెదిలేది క్యాన్సరే. చెవిలోకి చూస్తే కర్ణభేరి శుభ్రంగా ఉంటుంది. జబ్బు నాలుక మొదట్లోనో, టాన్సిల్ మడతలోనో, ఇంకా కింద స్వరపేటిక పక్క గుంటలోనో దాక్కుని ఉంటుంది. ఆ చోట్లకీ చెవికీ నరాలు ఒకటే కాబట్టి పుండు గొంతులో ఉన్నా పోటు చెవిలో తెలుస్తుంది. నేను విశాఖ కేజీహెచ్‌లో చదివే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి అడ్డపొగ తాగే ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు, చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకుని. వాళ్ళ అంగిళ్ళు ఎలా ఉండేవో ఇప్పటికీ మర్చిపోలేదు. చుట్టలు తగ్గాయి, వాటి చోటికి ఖైనీ, గుట్కా వచ్చాయి. ఇలాంటి చోట కూర్చుని ‘నరం నొప్పిలే’ అని నేను తేలిగ్గా అనేస్తే, ఆరు నెలలకి ఆ మనిషి మెడలో గడ్డతో వస్తాడు. అప్పుడు నేనేం మొహం పెట్టుకుని చూడాలి?

మేనకోడలు: మీరు మొదట క్యాన్సర్ కోసం వెతకడం తప్పనడం లేదు మావయ్యా. వెతికాక ఏమీ కనపడకపోతే ఏం చేస్తున్నారని అడుగుతున్నాను. ఈ రైతు సంగతే చూడండి. పళ్ళ డాక్టరు ఒకాయన కింది దవడ పళ్ళు రెండు పీకాడు. ఇంకొకాయన గ్యాసన్నాడు. మరొకరు దిగులుతో వచ్చిందని నిద్రమాత్రలిచ్చారు. ఇన్ని చోట్ల ఒక్కరు కూడా ‘నొప్పి వస్తే ఎంతసేపు ఉంటుంది’ అని అడగలేదు. అడిగుంటే తేలిపోయేది. క్యాన్సర్ నొప్పి పట్టిందంటే పట్టినట్టే ఉంటుంది, రోజురోజుకీ పెరుగుతుంది. ఇది అలా కాదు. కొన్ని సెకన్లు, మహా అయితే రెండు నిమిషాలు, కరెంటు కొట్టినట్టు చెవిదాకా దూసుకుపోయి ఆగిపోతుంది. మళ్ళీ గుటక వేస్తే మళ్ళీ కొడుతుంది. దగ్గినా, ఆవులించినా, ఎక్కువసేపు మాట్లాడినా అంతే. చన్నీళ్ళంటే మరీ భయం.

మామయ్య: అడగలేదని నన్ను కూడా కలిపేస్తున్నావు. నేనడిగాను. అసలు అడక్కముందే ఆయన తువ్వాలు చూశాను.

ఆ తువ్వాలు సంగతి పెద్దాయన వివరంగా చెప్పారు. రైతు లోపలికి వచ్చి కూర్చున్నాడు. తల ఎడమవైపు కొంచెం వాల్చి పెట్టాడు, పెదవులు ముడుచుకుని ఉన్నాడు. ప్రశ్న వేస్తే భార్యే జవాబు చెబుతోంది. నిమిషానికోసారి తువ్వాలు కొస నోటి దగ్గరికి తెచ్చుకుని ఉమ్మి దాన్లోకి వదులుతున్నాడు. ఆ కొస పూర్తిగా తడిసిపోయి ఉంది. ఊరే ఉమ్మిని కూడా మింగకుండా తప్పించుకుంటున్నాడన్నమాట. అన్నం మెత్తగా పిసికి, జావలా చేసి, కుడి దవడ పక్కనుంచి చెంచాతో పోస్తున్నానని భార్య చెప్పింది. మనిషి సగమయ్యాడు.

మామయ్య: సన్నటి ఎండోస్కోపు ముక్కులోంచి దించి నాలుక మొదలు దగ్గర్నుంచి స్వరపేటిక దాకా చూశాను. వేలు పెట్టి టాన్సిల్ గుంట, నాలుక వెనక భాగం తడిమాను. క్యాన్సర్ కొన్నిసార్లు కంటికి దొరక్కపోయినా వేలికి గట్టిగా తగులుతుంది. ఎడమ టాన్సిల్ దగ్గర వేలు ఆనగానే మనిషి కుర్చీలోంచి లేచిపోయాడు. మెడ కూడా తడిమాను, గడ్డల్లేవు. అప్పుడు పది శాతం లిగ్నోకెయిన్‌లో దూది ముంచి ఆ చోట అద్ది, కాసేపాగి, నీళ్ళు తాగమన్నాను. మొద్దుబారిన గొంతులో నీళ్ళు ఊపిరితిత్తుల దారి పట్టే ప్రమాదముంది కదా, అందుకని ముందు ఒక్క చెంచా ఇచ్చాను. మింగాడు. భార్య మొహం చూశాడు. ఇంకో చెంచా. తర్వాత గ్లాసు తనే తీసుకుని మొత్తం తాగేశాడు, ఇంకో గ్లాసు అడిగాడు.

మేనకోడలు: చూశారా, రోగం అక్కడే తేలిపోయింది. ఏ స్కానింగూ చెప్పని సంగతి ఒక దూది ముక్క చెప్పింది.

మామయ్య: దూది ముక్క నొప్పి ఏ నరం దారిలో నడుస్తోందో చెప్పింది. ఆ నరాన్ని రేపుతున్నదేమిటో అది చెప్పదు. నీతో నా పేచీ అక్కడే. నువ్వు ‘న్యూరాల్జియా’ అన్న పేరు పెట్టేసి మాత్ర మొదలెడతావు. ఆ మాత్రకు నొప్పి తగ్గితే రోగీ, నువ్వూ ఇద్దరూ నిశ్చింతగా కూర్చుంటారు. చరిత్ర చూడు. 1910లో వైజెన్‌బర్గ్ మొట్టమొదట ఈ నొప్పిని వర్ణించిన రోగికి చివరికి బయటపడిందేమిటి? మెదడు కాండం పక్కన కణితి. ఈ జబ్బుకు ఇప్పుడున్న పేరు విల్‌ఫ్రెడ్ హారిస్ పెట్టింది 1921లో. పేరు కంటే కణితే ముందు దొరికిందమ్మా.

మేనకోడలు: అందుకేగా ఎమ్మారై తప్పదంటున్నాను. మీరేమో ‘హైదరాబాదు డాక్టర్లకి స్కానింగు లేకపోతే పొద్దుపోదు’ అంటారు.

మామయ్య: తలనొప్పికల్లా తీయొద్దన్నాను. దీనికి తీయాల్సిందే. ఒప్పుకున్నాను, రాసుకో.

మేనకోడలు: సరే, రాసుకున్నా. ఎమ్మారైలో మేం ముందు చూసేది కణితి ఉందా, మల్టిపుల్ స్క్లెరోసిస్ మచ్చలున్నాయా అని. అవి కనబడేది తక్కువమందిలోనే. చాలామందిలో దొరికేది రక్తనాళం. నరం మెదడు కాండంలోంచి బయటికొచ్చే చోట దాని పైతొడుగు పల్చగా ఉంటుంది. చిన్నమెదడుకు కింది నుంచి వెళ్ళే ధమని వయసుతోపాటు మెలికలు తిరిగి ఆ పల్చటి చోట ఆనుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్కడే తగులుతుంటుంది. ఏళ్ళ తరబడి ఆ ఒరిపిడికి తొడుగు అరిగిపోయి, పక్కపక్క పోగుల్లో ఒకదాని సంకేతం ఇంకొకదానికి అంటుకుంటుంది. తొడుగు ఊడిన కరెంటు తీగలు ఒకదానికొకటి తగిలితే ఏమవుతుందో అదే జరుగుతుంది. మింగేటప్పుడు మామూలుగా పుట్టే స్పర్శ నొప్పిగా మారిపోతుంది. యాభై దాటినవాళ్ళలో ఎక్కువ రావడానికి కారణం ఇదే.

మామయ్య: నీ ధమని సరే, నా ఎముక సంగతి? చెవి కింది నుంచి సన్నగా కిందికి దిగే స్టైలాయిడ్ ఎముక ఉంది. రెండున్నర సెంటీమీటర్లు ఉండాల్సింది మూడు దాటి పెరిగితే, దాని మొన టాన్సిల్ గుంటలోకి పొడుచుకొస్తుంది. పక్కనే తొమ్మిదో నరం. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వైద్యుడు వాట్ ఈగిల్ 1937లో దీన్ని వివరించాడు. ఆయన పేరుతోనే ఈగిల్ సిండ్రోమ్ అంటున్నాం. వేలు పెట్టి నొక్కితే గట్టిగా మొన తగులుతుంది. నోటిలోంచే ఆ కొస తీసేయొచ్చు, తల తెరవక్కర్లేదు. మీ నరాల డాక్టర్లలో ఎంతమంది నోట్లో వేలు పెట్టి చూస్తారు?

మేనకోడలు: తక్కువమందే. అది మా లోపమే. అలాగని పొడుగ్గా ఉన్న ప్రతి ఎముకా నేరస్థురాలు కాదు మావయ్యా. ఏ బాధా లేనివాళ్ళ సీటీ స్కానులో కూడా పొడుగు స్టైలాయిడ్ కనపడుతుంది. దొరికింది కదా అని కోసేస్తే నొప్పి అక్కడే ఉంటుంది.

మామయ్య: ఆ ముక్క నీ ధమనికీ వర్తిస్తుంది. నొప్పి లేనివాళ్ళ ఎమ్మారైలో కూడా నరాన్ని ఆనుకుని రక్తనాళాలు కనపడటం లేదా? మరి దానికోసం పుర్రెకు రంధ్రం ఎలా పెడతావు?

ఈ ప్రశ్నకు మేనకోడలు వెంటనే జవాబు చెప్పలేదు. నాకు ఈ వాదన మొత్తంలో అసలు కీలకం ఇదేననిపిస్తుంది. స్కానింగులో దొరికిన ప్రతిదీ కారణం కాదు. రోగి చెప్పే కథ, వేలికి తగిలింది, దూది చెప్పింది, స్కానింగు చూపింది, నాలుగూ ఒకే పక్కన, ఒకే చోట కలిసినప్పుడే కత్తి మాట ఎత్తాలి. నాలుగింటిలో మొదటిదానికి ఖర్చు లేదు. పది నిమిషాల ఓపిక చాలు. మన ఆసుపత్రుల్లో ఎక్కువగా కరువైంది ఆ పది నిమిషాలే. ముఖ్యంగా ఆడవాళ్ళు గుటక వేస్తే పోటొస్తోందంటే ‘టెన్షన్ పడుతున్నావమ్మా’ అనేసి పంపేస్తున్నారు. గొంతులో ఏమీ కనపడనంత మాత్రాన నొప్పి లేనట్టు కాదు. ఈ మాట వైద్యులే కాదు, ఇంట్లోవాళ్ళూ నమ్మాలి. తిండి మానేసిన మనిషిని ‘నీదంతా మనసులోనే’ అనడం ఆ నొప్పి మీద ఇంకో దెబ్బ.

మేనకోడలు: సరే, ముందు మాత్ర సంగతి మాట్లాడుకుందాం. మామూలు నొప్పి మాత్రలు దీనికి పనిచేయవు. పారాసెటమాల్ ఎన్ని మింగినా దండగే. 1962లో స్వీడన్‌లో బ్లోమ్ అనే వైద్యుడు ముఖంలో వచ్చే ఇలాంటి నరం నొప్పికి మూర్ఛల మందు కార్బమజెపిన్ వాడి చూపించాడు. ఇప్పటికీ మొదటి మందు అదే. చిన్న మోతాదుతో మొదలెట్టి కొన్ని రోజులకోసారి పెంచుకుంటూ పోతాం. దాని తోబుట్టువు ఆక్స్‌కార్బజెపిన్ ఉంది. పడకపోతే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, బాక్లోఫెన్ లాంటివి ఉన్నాయి. ఈ రైతు నాలుగో రోజుకి పెరుగన్నం తిన్నాడు.

మామయ్య: తిన్నాడు, సంతోషం. కానీ మాత్రకు తగ్గింది కాబట్టి కణితి లేదని అనుకోవద్దు. కణితి వల్ల నరం రేగినా ఆ మందుకు కొన్నాళ్ళు అణుగుతుంది. రెండో మాట. అరవై రెండేళ్ళవాడికి ఆ మందు ఇచ్చి ఊరికి పంపేస్తే, తూలి పడతాడు. సోడియం పడిపోయి మాట తడబడితే ఇంట్లోవాళ్ళు పక్షవాతం అనుకుని పరిగెత్తుతారు.

మేనకోడలు: నిజమే. అందుకే మొదలెట్టే ముందు రక్తకణాలు, లివరు, సోడియం చూస్తాం, కొన్ని వారాలకి మళ్ళీ చూస్తాం. ఈసీజీ కూడా తీస్తాం, గుండెలో కరెంటు ప్రసారానికి అడ్డు ఉన్నవాళ్ళకి ఈ మందు ఇవ్వకూడదు. ఇంకోటుంది. ఆసియావాసుల్లో కొందరికి ఉండే హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే జన్యువు ఉంటే ఈ మందుతో చర్మం పొక్కులెక్కి ఊడిపోయే ప్రాణాంతకమైన వికటింపు రావచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2007లో దీని మీద హెచ్చరిక ఇచ్చింది. మొదటి వారాల్లో ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్ళు ఎర్రబడటం కనపడితే ఇంకో మాత్ర వేసుకోకుండా ఆసుపత్రికి రావాలి. ఆ మాట రైతు భార్యతో రెండుసార్లు చెప్పించుకున్నాను.

మామయ్య: అది బాగుంది. ఇక ఆపరేషన్ సంగతి. నేను వద్దంటున్నాను. మాయో క్లినిక్‌వాళ్ళు 1981లో 217 మంది రోగుల లెక్క ప్రచురించారు. వాళ్ళలో 161 మందికి నొప్పి మధ్యలో దానంతటదే ఆగి, నెలలో ఏళ్ళో జాడ లేకుండా పోయింది. మాత్రతో ఆ కాలాన్ని దాటించొచ్చు కదా. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా?

మేనకోడలు: ఆగడం నిజం. అయితే తిరిగి రావడమూ నిజమే కదా. ఆ ఆగడమే మనల్ని మోసం చేస్తోంది కూడా. పన్ను పీకిన వారానికి నొప్పి ఆగితే పన్నే కారణమంటారు. తాయెత్తు కట్టాక ఆగితే తాయెత్తుకు పేరొస్తుంది. మళ్ళీ వచ్చినప్పుడు ఇంకో పన్ను పీకుతారు. ఇక ఆపరేషనంటే మీకు పాతరోజుల భయం ఉండిపోయింది. అప్పట్లో నరమే కోసేవాళ్ళు. ఫ్రాన్స్‌లో సికార్, రోబినో 1920లో మెడలోనే కోశారు. 1927లో వాల్టర్ డాండీ తల లోపల కోశాడు. ఇప్పుడు నరాన్ని కోయక్కర్లేదు. చెవి వెనక చిన్న కిటికీ తెరిచి, సూక్ష్మదర్శినిలో చూస్తూ ఆ ధమనిని పక్కకు జరిపి, నరానికీ దానికీ మధ్య చిన్న టెఫ్లాన్ ముక్క పెడతారు. పిట్స్‌బర్గ్‌లో పీటర్ జనెట్టా, లాహాతో కలిసి 1977లో దీన్ని ప్రచురించాడు. 1995లో ఆయన బృందం 40 మంది రోగుల ఫలితాలు చెప్పింది. 76 శాతం మందికి మందులేమీ లేకుండా నొప్పి దాదాపు పూర్తిగా పోయింది, మరో 16 శాతం మందికి బాగా తగ్గింది.

మామయ్య: ఆ 40 మందిలో ఇద్దరు పోయారు. ముగ్గురికి ఆ నరం శాశ్వతంగా బలహీనపడింది. అది కూడా చెప్పు.

మేనకోడలు: చెప్తాను. పోయిన ఇద్దరూ తొలిరోజుల వాళ్ళే. ఆపరేషన్లో రక్తపోటు అదుపు తప్పి మెదడులో రక్తస్రావమైంది. తర్వాత మత్తు, పర్యవేక్షణ రెండూ ఎంతో మారాయి. అయినా ప్రమాదం సున్నా అని ఏ రోగికీ నేను చెప్పను. గొంతు బొంగురుపోవచ్చు, మింగడం కష్టం కావచ్చు, మెదడు చుట్టూ ఉండే ద్రవం కారవచ్చు. అందుకే ఇలాంటివి తరచుగా చేసే చోటే చేయించుకోవాలి. వయసు మీదపడి మత్తు తట్టుకోలేనివాళ్ళకి బయటినుంచి సూదితో నరాన్ని వేడిచేసి మొద్దుబార్చే పద్ధతి ఉంది. గామా నైఫ్ కిరణాలున్నాయి. రక్తనాళం కనపడకపోతే నరం కోయడం ఇప్పటికీ ఉంది. అప్పుడు నాలుక వెనక రుచి, ఆ పక్క గొంతు స్పర్శ పోతాయి, చాలామంది దానికి అలవాటు పడతారు. పక్కనుండే పదో నరం పైపోగుల్ని కూడా కోస్తే మాత్రం గొంతుకీ మింగుడికీ ఇబ్బంది రావచ్చు.

మామయ్య: ఇన్ని ఇబ్బందులు నువ్వే చెబుతూ, మాత్రతో తింటున్న మనిషిని ఎందుకు తొందరపెడుతున్నావు?

మేనకోడలు: ఆయన భార్య మీకు ఒక సంగతి చెప్పలేదు, నాకు చెప్పింది. దీపావళి ముందు మజ్జిగ తాగుతూ గుటక వేశాడు, పోటు వచ్చింది, కళ్ళు తేలేసి పక్కకి ఒరిగిపోయాడు. అర నిమిషంలో తేరుకున్నాడు. ఫిట్సనుకున్నారు. అది ఫిట్సు కాకపోవచ్చు. మెడలో రక్తపోటును కనిపెట్టే కేంద్రం కబురును మెదడుకు చేరవేసేది కూడా ఈ తొమ్మిదో నరమే. నొప్పి ఉప్పెనలా వచ్చినప్పుడు ఆ సంకేతం మెదడు కాండంలో పొరుగునున్న వేగస్ నరానికి అంటుకుంటుంది. వేగస్ గుండెను నెమ్మదిచేస్తుంది. కొందరిలో కొన్ని సెకన్లు ఆపేస్తుంది కూడా. ఇలా జరిగేది కొద్దిమందికే. ఆ కొద్దిమందికి గుటకే ప్రాణగండం.

మామయ్య: ఇది నాకు చెప్పలేదు. గుండె డాక్టరుకు చూపించారా?

మేనకోడలు: ఇరవైనాలుగు గంటల ఈసీజీ పెట్టించాను. గుటకతోపాటు గుండె ఆగినట్టు దాన్లో పట్టుబడితే, ముందు తాత్కాలికంగా పేస్‌మేకర్ పెట్టి, తర్వాత నరం సంగతి చూడాలి. పేస్‌మేకర్ ఒక్కటే పెట్టి ఊరుకుంటే గుండె ఆగదు, నొప్పి ఆగదు. రక్తపోటు పడిపోవడమూ ఆగకపోవచ్చు.

మామయ్య: ఈసీజీలో ఏమీ పట్టుబడకపోతే?

మేనకోడలు: మాత్ర కొనసాగిద్దాం. మీరు చెప్పినట్టే ఆగుదాం. ఎమ్మారైలో ఎడమవైపు ధమని నరాన్ని ఆనుకునే ఉంది, ఆ మాట కూడా ఆయనకి చెప్పాను. మాత్ర పనిచేయడం మానేసినా, మగతతో పొలానికి వెళ్ళలేకపోయినా అప్పుడు ఆపరేషన్ ఎంచుకోవాల్సింది ఆయనే. మీరూ నేనూ కాదు.

మామయ్య: అంతవరకూ ఒప్పుకుంటాను. కానీ నా పని నేను చేస్తాను. నెలకోసారి ఆయన గొంతు మళ్ళీ చూస్తాను, మెడ తడుముతాను. ఆయన ముప్పై ఏళ్ళు చుట్ట తాగినవాడు. ఇవాళ లేని పుండు ఆరునెలలకి రాదని నీ ఎమ్మారై పూచీ ఇవ్వదు. బరువు కూడా చూస్తాను. మాత్రతో నొప్పి లేకుండా తింటూ కూడా బరువు తగ్గుతుంటే, వెంటనే నీకు చెబుతాను.

మేనకోడలు: చూడండి. ఈసారి రక్తపరీక్షలో సోడియం కూడా చూపించమనండి. ఒక్క మాట మావయ్యా. గుటకతో ఇంకోసారి కళ్ళు తిరిగాయంటే మాత్రం నెల ఆగొద్దు. అదే రోజు గుండె ఆసుపత్రికి పంపించి, నాకు ఫోన్ చేయండి.